కిలో రాయి

పెద్దతల్లి రాయిని కాటా మీద పెట్టి చెయ్యి తీసేసింది. ఒక అడుగు వెనక్కి వేసి, కొంగు పళ్ళేనికి తగులుతుందేమోనని దాన్ని నడుముకి దోపుకుంది. ఎర్ర అంకెలు కాసేపు తడబడి, తొమ్మిది వందల ఎనభై దగ్గర ఆగాయి.

“ఇరవై గ్రాములు మింగీసింది,” అంది.

“కాటా మింగలేదు పెద్దమ్మా. నీ రాయే అరిగిపోనాది,” అన్నాడు మేస్త్రి చిట్టిబాబు, చీటీల పుస్తకం మీంచి తలెత్తకుండా.

“రాయెలాగ అరుగుతాది?”

“రోజూ సంటిగుంటని మోసినట్టు కొంగులో కట్టుకుని మోత్తన్నావు. అరగదేటి?”

జీడిపప్పు పొట్టు తీయడానికి వరసగా కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. పెద్దతల్లి నవ్వలేదు. రాయిని తీసి, పళ్ళెం తుడిచి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే అంకె. ఆ అంకెను మనసులో వేసుకుని, రాయిని కొంగున ముడేసుకుని, గోడవారగా తన చోటికి వెళ్ళి కూర్చుంది. సాయంత్రం తన పప్పు తూచేటప్పుడు కిలోకి ఇరవై గ్రాములు కలిపి రాయమని మళ్ళీ గొడవ పడాలి. చిట్టిబాబు ఒకనాడు కలుపుతాడు, ఒకనాడు కలపడు.

కాశీబుగ్గలో రైలు గేటుకి ఇవతల ఉన్న ఆ జీడి కంపెనీకి కరెంటు కాటా వచ్చి ఆరు నెలలైంది. అంతకు ముందు త్రాసుండేది. త్రాసును ఆమె నమ్మిందని కాదు. మేస్త్రి చిటికెనవేలు పళ్ళేన్ని ఎక్కడ తాకుతుందో ఆమెకు తెలుసు. దాని మీద కన్నేసి ఉంచితే సరిపోయేది. ఈ కాటాకి వేలెక్కడుందో కనిపించదు. అదీ ఆమె దిగులు.

ఆ రాయి ఒకప్పుడు పొత్రం. తొంభై తొమ్మిది తుపానుకి పూండి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఇల్లు కూలినప్పుడు, గోడ మీద పడి రుబ్బురోలు పొత్రం రెండు ముక్కలైంది. చిన్న ముక్కను ఆమె కాశీబుగ్గ తెచ్చుకుంది. వీధుల్లో రోళ్ళకు గంట్లు పెట్టేవాణ్ణి పట్టుకుని, రేషను షాపులో సర్కారు ముద్ర ఉన్న కిలోరాయిని ఒక పూట అడిగి తెచ్చి, త్రాసులో ఒకవైపు దాన్నీ ఒకవైపు దీన్నీ పెట్టి, ముల్లు నిలబడేదాకా చెక్కించింది. చివరి చిటికెడు బరువు కోసం దగ్గర కూర్చుని అరుగు అంచు మీద తనే అరగదీసింది. అప్పటినుంచి ఈ లోకంలో ఆమె తిరగేసి చూడకుండా నమ్మే వస్తువు అదొక్కటే.

ఇల్లు కూలినందుకు కాదు ఆమె అలా మారింది. తుపాను తర్వాత పడిపోయిన జీడి చెట్లు లెక్క రాసుకోవడానికి ఒకతను వచ్చాడు. పెద్దతల్లి మొగుడు పెంటయ్య నలభై చెట్లని చెప్పాడు. ఆ వచ్చినతను తోటలోకి దిగలేదు. గట్టు మీదే నిలబడి రాసుకుని వెళ్ళాడు. కాగితం చేతికొచ్చాక చూస్తే అందులో పద్నాలుగుంది. పెద్దతల్లికి అక్షరాలు రావు గాని అంకెలొచ్చు. ఒకటి, పక్కన నాలుగు. పెంటయ్య పోనీలెమ్మన్నాడు. పడిన చెట్లని మళ్ళీ నిలబెట్టి చూపించగలమా అన్నాడు. రెండేళ్ళకి తమ ఉద్దానం ఊళ్ళలో చాలామంది మగవాళ్ళకి వచ్చినట్టే అతనికీ కాళ్ళూ మొహం వాచాయి, కిడ్నీలు పోయాయన్నారు, పోయాడు. పిల్లలు లేరు. ఆమె కాశీబుగ్గ వచ్చేసింది. కాని ఆ పద్నాలుగు ఆమెతోనే వచ్చింది. ఇప్పటికీ బస్సు మీద ఆ అంకె కనిపిస్తే ఇంకో బస్సు కోసం ఆగుతుంది.

పెద్దతల్లి చేతులు చిన్నవి. వేళ్ళ చివర్లు జీడిసొనకి నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పప్పును పట్టుకుని, చిన్న కత్తి కొసతో నడుం దగ్గర పొట్టును ఒక్కసారి గీరి, వేలితో తోస్తే ఎర్రటి పొట్టు రెండు చిప్పలుగా ఊడొస్తుంది. విరగని గుండు పప్పు ఒక పళ్ళెంలో, బద్ద ఒక పళ్ళెంలో, ముక్క ఒక పళ్ళెంలో. ఆమె గుండులో ఒక్క బద్ద దొరకదు. ఆ నిదానం వల్లే రోజుకి ఏడున్నర కిలోలు దాటవు.

పక్కన కూర్చునే పైడమ్మది వేరే చెయ్యి. ఆమె మాట్లాడుతూనే, నవ్వుతూనే, ఎవరినో వెక్కిరిస్తూనే ఎనిమిదిన్నర తీస్తుంది. నలభై ఏళ్ళ మనిషి. మొగుడు ఎక్కడికో వెళ్ళి తిరిగిరాలేదు. ఆరేళ్ళుగా ఆమే పెద్దతల్లీ ఒకే గదిలో ఉంటున్నారు. సొంత అక్కని పిలిచినట్టు అప్పా అంటుంది. బియ్యం డబ్బాలు రెండు, రేషను కార్డులు రెండు, పొయ్యి ఒకటి, అద్దె చెరి సగం.

ఈ పది రోజులుగా వాళ్ళ మధ్య మాటలు సరిగ్గా లేవు. పైడమ్మకి ఇల్లొచ్చింది. పెద్దతల్లికి రాలేదు.

కొండ కింద బీదవాళ్ళకని కొత్తగా కడుతున్న ఆ ఇళ్ళ కోసం కిందటేడు ఇంటింటికీ సర్వే జరిగింది. రాసుకోవడానికి వచ్చిన అమ్మాయి వాళ్ళ గది ముందు ఆగేసరికి పెద్దతల్లి కుళాయి దగ్గరుంది. అప్పుడేం జరిగిందో పైడమ్మ చెప్పినదే తప్ప ఆమె చూసింది లేదు. పైడమ్మ ఎండుచేపలు కడుగుతోందిట. “ఆదాయం ఎంతమ్మా?” అందిట ఆ అమ్మాయి. పైడమ్మకి ఆదాయం అన్న మాట ఏడాదికొక్కసారే వినిపిస్తుంది. ఉగాది నాడు గుడి దగ్గర పంతులు పంచాంగం విప్పి, నీ రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చెప్పేటప్పుడు. చేతికొచ్చేది కూలీ గాని ఆదాయం కాదు. అందుకని “పద్నాలుగు” అందిట. వ్యయం రెండే అని చెప్పేలోపు ఆ అమ్మాయి పద్నాలుగు వందలని రాసేసుకుని పక్కింటికి వెళ్ళిపోయిందిట.

ఈ కథ చెప్పినప్పుడు కంపెనీలో ఆడవాళ్ళంతా పడిపడి నవ్వారు. పెద్దతల్లి మాత్రం పైడమ్మ మొహంలోకి చూసింది. మళ్ళీ ఆ పద్నాలుగు. నిజంగా పంచాంగమేనా? లేకపోతే ఎంత చెబితే ఇల్లొస్తుందో ఎవరైనా ముందే చెవిలో ఊదారా? తెలిసి తనకెందుకు చెప్పలేదు?

తను మాత్రం ఆ రోజు కుళాయి దగ్గరనుంచి తడిచేతుల్తో వచ్చి, ఆ అమ్మాయిని వెనక్కి పిలిచి, గోడకి వేలాడే ఇనపతీగను దించి ముందు పెట్టింది. ఆ తీగకి ఏడాది చీటీలన్నీ గుచ్చి ఉన్నాయి, వారానికొకటి. ఆ అమ్మాయి అరగంట కూర్చుని కూడింది. నెలకి పదహారు వందల పన్నెండు. రాసిన అంకెలు చూపించమని, ఒకటీ ఆరూ ఒకటీ రెండూ వరసగా ఉన్నాయో లేదో చూసుకుని గాని పెద్దతల్లి ఆమెను కదలనివ్వలేదు.

“నువ్వూ వచ్చీ అప్పా. ఇద్దరం ఉందాం,” అంది పైడమ్మ, జాబితా వచ్చిన రోజున.

పెద్దతల్లి ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎందుకు రమ్మంటోంది? ఇంటి వాయిదాలో సగం కట్టించుకోవడానికా? రేపు మాటా మాటా అనుకుంటే నా ఇంట్లోంచి ఫో అనడానికా? ఎవరి పేరున ఉంటే వాళ్ళదే ఇల్లు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఈ రోజు ఆ జాబితా మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఆఖరు రోజు.

మధ్యాహ్నం గంట కొట్టగానే పెద్దతల్లి క్యారేజి విప్పలేదు. సంచిలో పెట్టుకొచ్చిన ఇనపతీగను పైనుంచి తడిమి చూసుకుని లేచింది.

“ఎక్కడికి అప్పా, తినకుండా?” అంది పైడమ్మ.

“పనుంది.”

వేసవి ఎండ. రోడ్డంతా జీడిపిక్కలు కాల్చిన పొగ వాసన. పది అడుగులకొకసారి ఆగాల్సి వచ్చింది. నెల రోజులుగా సాయంత్రానికి కాళ్ళు వాస్తున్నాయి. ఈ మధ్య పొద్దున్న కూడా దిగడం లేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. పెంటయ్య కాళ్ళు ఆమె చూసిందే. పరీక్ష చేయించుకోమని పైడమ్మ పోరింది. రక్తం తీసుకుని కాగితం మీద అంకె వేసి ఇస్తారు. ఆ అంకెను దేనితో సరిచూసుకోవాలి? అందుకని వెళ్ళలేదు.

ఇళ్ళ ఆఫీసంటే అద్దెకు తీసుకున్న ఒక పాత బట్టల కొట్టు. అల్మారాల్లో చీరలుండాల్సిన చోట ఫైళ్ళున్నాయి. బల్ల వెనకున్న కుర్రవాడి పేరు యుగంధర్. టెక్కలినుంచి రోజూ బస్సులో వస్తాడు, డిగ్రీ చదివినవాడు. అప్పుడే అన్నం తిని చెయ్యి తుడుచుకుంటున్నాడు. చిరాకు పడకుండా కూర్చోమన్నాడు. ఆ మర్యాద చూసి పెద్దతల్లి సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

పేరు వెతికి, “నీది పదహారు వందల పన్నెండు పెద్దమ్మా. పదిహేను వందలు దాటితే రాదు,” అన్నాడు.

“పదిహేను వందలని ఎవులు సెప్పినారు?”

“ఊరే చెప్పింది.” యుగంధర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. రోజుకి ఇరవైసార్లు చెప్పే మాటలే అయినా ఈమె వినేలా ఉందనిపించిందేమో, ఓపిగ్గా చెప్పాడు. “ఈ ఇళ్ళు ఊరికే ఇవ్వరు. నెలనెలా వాయిదా కట్టుకోవాలి. బీదోళ్ళు కట్టుకోగలిగేటట్టుండాలంటే ఈ ఊళ్ళో జనం ఎంత సంపాదిస్తున్నారో ముందు తెలియాలి కదా? అందుకే ఇంటింటికీ వెళ్ళి అడిగేరు. అందరు చెప్పిందీ కలిపి, ఇళ్ళతో భాగించేరు. పదిహేను వందలొచ్చింది. అది ఈ ఊరి సగటు. దానికి లోపున్నోళ్ళకే ఇళ్ళు. వాయిదా కూడా ఆ సగటును బట్టే.”

“సగటంటే సగమా?”

“సగం కాదు. అందరిదీ ఒక కుప్ప పోసి సమానంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చేది.”

పెద్దతల్లి ఆలోచించింది. “గుండూ బద్దా ముక్కా ఒక గోనెలో పోసీసినట్టా?”

“అలాగే అనుకో.”

“అలగ పోత్తే మా మేస్త్రి ఊరుకోడు.”

యుగంధర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“అందరూ నిజిమే సెప్పినారా బాబూ?”

“ఎక్కడ! ఎనిమిది వందలన్నోళ్ళున్నారు. మేడ కట్టుకున్నాయన కూడా పన్నెండు వందలన్నాడు. తెల్లకార్డు పోతాదని అందరికీ బయం. అందరూ తగ్గించి చెప్పేసరికి సగటు దిగిపోనాది. చీటీలు తెచ్చి చూపించినది ఊరు మొత్తానికి నువ్వొక్కర్తివే.” పెన్ను మూత పెట్టి, “అందుకే కాయితం మీద నువ్వు ఉన్నదానివైపోయేవు,” అన్నాడు.

ఆ మాటలో ఎగతాళెంతో జాలెంతో పెద్దతల్లికి అంతుపట్టలేదు. ఆమె తీగను తీసి బల్ల మీద పెట్టింది. వారాల చీటీలు గలగలమన్నాయి. కొన్నింటికి నూనె మరకలు, కొన్నింటికి చెమ్మ.

యుగంధర్ ఒకసారి వీధిలోకి చూసి గొంతు తగ్గించాడు. “ఇందులో నాలుగు చీటీలు ఎలకలు కొట్టీసేయనుకో. మళ్ళీ కూడితే పదిహేను వందలకి లోపే వస్తాది. నేను కొత్తగా రాసుకుంటాను. వేలిముద్ర వేసి వెళ్ళిపో.”

ఇతనికేం కావాలి? పెద్దతల్లి అతని చేతుల వైపు చూసింది, జేబు వైపు చూసింది, మళ్ళీ మొహం వైపు చూసింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆమెకు కాస్త ధైర్యంగా ఉండేది. ఏమీ అడగనివాడు తర్వాత ఏమడుగుతాడో!

అయినా వేళ్ళు తీగ కొక్కెం దగ్గరికి వెళ్ళాయి. నాలుగు చీటీలు. ఏ నాలుగు? ఇది రైలు గేటు దగ్గర మోకాలి లోతు నీళ్ళున్న వారం. ఇది కత్తి తగిలి చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని తీసిన వారం. ఇది పెంటయ్య తద్దినానికి కూడా మానకుండా వెళ్ళిన వారం. అక్షరాలు రాకపోయినా ఏ చీటీ ఏ వారందో ఆమెకు మరకల్ని బట్టి తెలుసు. కొక్కెం విప్పకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

“సేసిన పని సెయ్యలేదని నానెలాగ సెప్పగలను బాబూ? ఎనకటికి ఒకాయన నా నలభై సెట్లని పద్నాలుగు సేసీసినాడు. ఇప్పుడు నా సేత్తో నానే సేసుకోవాలా?”

ఆ చెట్ల సంగతి యుగంధర్‌కి తెలీదు. “మరైతే నేనేం చెయ్యలేను,” అన్నాడు.

అప్పుడు ఆమె నోట్లోంచి పది రోజులుగా నలుగుతున్న మాట జారిపోయింది. “మరి పైడమ్మకెలాగ వచ్చింది? నా పక్కనే కూకుంటాది గదా.”

“ఏ పైడమ్మ?” అతను జాబితా తిప్పాడు. వేలు ఒక వరస దగ్గర ఆగింది. “ఇదిగో. అదే గది, అదే కంపెనీ. పద్నాలుగు వందలు.” తలెత్తాడు. “ఇద్దరిదీ ఒకే పనా?”

పెద్దతల్లి సంచి అంచు మడతపెట్టుకుంటోంది.

“ఒకే కూలీ రేటా? అయితే రెండు లెక్కల్లో ఒకటి తప్పు. నీదానికి చీటీలున్నాయి. అంటే ఆవిడది తప్పు. అభ్యంతరం రాసుకోనా? సాయంత్రానికి ఆ పేరు తీసీవచ్చు.”

పెన్ను మూత తీశాడు. బయట రోడ్డు మీద కొబ్బరికాయల లారీ ఒకటి గేరు మార్చుకుంటూ వెళ్ళింది. పెద్దతల్లి బల్ల మీది తీగ వైపు చూస్తోంది. ఒక్క మాట. ఔనంటే చాలు. అబద్ధం కూడా కాదు. పైడమ్మ తనకంటే రోజుకి కిలో ఎక్కువే తీస్తుంది. ఆ పేరు పోతే పైడమ్మ ఎక్కడికీ వెళ్ళదు. అదే గది, అదే పొయ్యి, అద్దె చెరి సగం. రాత్రి దాహమేస్తే లేచి నీళ్ళిచ్చే మనిషి గదిలోనే ఉంటుంది. ఈ వాచిన కాళ్ళతో ఒక్కతే ఉండక్కర్లేదు.

కొంగున రాయి తొడకి ఒత్తుకుంటోంది.

“దాని సెయ్యి తక్కువ,” అంది.

“ఏటి?”

“పైడమ్మ సెయ్యి తక్కువ బాబూ. కబుర్లెక్కువ, పని తక్కువ. నాను ఏడున్నర తీత్తే అది ఆరు తీత్తాది. పద్నాలుగు వందలు కూడా రావు. సరిగ్గానే రాసినారు.”

“నిజమేనా?”

“తూకం రోజూ నా కళ్ళ ముందే గదా.” గొంతు మామూలుగానే ఉంది. కాశీబుగ్గ వచ్చిన ఈ ఏడేళ్ళలో ఆమె నోట తప్పు తూకం రావడం అదే మొదటిసారి. “కావాలంటే వొచ్చి అడుక్కో.”

“అడుగుతాను. నాలుగింటికి అటే వస్తాను,” అన్నాడు యుగంధర్. చెవిన పడిన మాటను కాగితం మీద పెట్టకుండా వదిలే మనిషి కాదు.

ఆమె తీగను సంచిలో పెట్టుకుని లేచింది. తిరిగొచ్చే దారిలో ఆగిన ప్రతిచోటా తనని తాను తిట్టుకుంది. కావాలంటే అడుక్కో అని ఎందుకనాలి?

ఆమె వచ్చేసరికి కబురు ముందే చేరింది. రోడ్డు మీద ఎవరో చూశారు, ఇళ్ళ ఆఫీసులో కూర్చునుందని. పైడమ్మ నవ్వడం లేదు. పెద్దతల్లి కూర్చోగానే తన పళ్ళేలు మూడింటినీ ఒక అడుగు అవతలికి జరుపుకుంది.

“నా పేరు మీదేనా ఎల్లినావు?” అంది కాసేపటికి, పప్పు వైపే చూస్తూ.

“నా పని మీద ఎల్లినాను.”

“ఆరేళ్ళు ఒక్క కుండలో తిన్నాం.”

“వేరే వేరే బియ్యం,” అంది పెద్దతల్లి.

ఆ తర్వాత ఇద్దరి కత్తుల చప్పుడే. పైడమ్మ కోపంలో ఇంకా వేగంగా తీస్తోంది. గుండు పళ్ళెం కుప్పగా లేస్తోంది. పెద్దతల్లి ఓరకంట ఆ కుప్పనే చూస్తోంది. ఆఫీసు కుర్రవాడు వచ్చే వేళకి ఇంత కుప్ప కనిపించకూడదు.

“బేగి బేగి తీసి ముక్కలు సెయ్యకు,” అంది.

“నా ముక్కలు నా ఇట్టం.”

నాలుగింటికి యుగంధర్ సైకిల్ మీద వచ్చాడు. చిట్టిబాబు స్టూలు వేశాడు గాని కూర్చోలేదు. చేతిలో కాగితం. “పైడమ్మంటే ఎవరు?”

పైడమ్మ లేచి నిలబడింది. ఒళ్ళో పొట్టు నేల మీదికి రాలింది. ఒకసారి పెద్దతల్లి వైపు చూసిన చూపులో ఆరేళ్ళూ తెగిపోయి ఉన్నాయి.

“నువ్వేనా? నీకు చెయ్యి తక్కువంట కదా?”

“ఎవులికి?” పైడమ్మ గొంతు లేచింది. కంపెనీ మొత్తంలో అంత మాట ఆమెను ఎవరూ అనలేదు. “నాకా సెయ్యి తక్కువ? ఏ నోరన్నాది? రమ్మనండి, నా ముందు కూకుని తియ్యమనండి, సూద్దాం! ఈ కంపెనీలో…”

“పెద్దతల్లి చెప్పింది. రోజుకి ఆరు కిలోలు దాటవంది. అందుకే నీకు పద్నాలుగు వందలే వస్తాయని.”

పైడమ్మ నోరు తెరిచే ఉంది. పెద్దతల్లి తల వంచుకుని పొట్టు తీస్తోంది. గీరడం, తోయడం. గీరడం, తోయడం. కళ్ళెత్తలేదు. చిట్టిబాబు ఇద్దరినీ చూశాడు, పైడమ్మ పళ్ళెంలోని కుప్పను చూశాడు, నెమ్మదిగా వచ్చి ఆ కుప్పకీ యుగంధర్‌కీ మధ్య నిలబడ్డాడు.

పైడమ్మ ఒళ్ళో మిగిలిన పొట్టు దులుపుకుంది.

“అవునండి,” అంది. “సెయ్యి తక్కువే.”

“నిజమేనా మేస్త్రీ?”

“ఆఁ… నోరే ఎక్కువండి దానికి,” అన్నాడు చిట్టిబాబు. పుస్తకం తెరవలేదు.

యుగంధర్ కాగితం మీద టిక్కు కొట్టుకుని వెళ్ళిపోయాడు. సైకిలు గేటు దాటింది. పైడమ్మ కూర్చుంది. కాసేపయ్యాక పళ్ళేలు మూడూ ఒక్కొక్కటిగా మళ్ళీ ఇవతలికి జరుపుకుంది, ముందున్న చోటుకంటే దగ్గరికి.

“పంచాంగమే అప్పా. దేవుడి తోడు. పంచాంగం అనుకునే అన్నాను.”

“తెల్సులే,” అంది పెద్దతల్లి. ఆమెకు తెలీదు. కాని ఇక దాన్ని తూచాలనిపించలేదు.

టీ వచ్చింది. పెద్దతల్లి గ్లాసు పక్కన పెట్టుకుని గోడకి జారగిలబడింది. ఒళ్ళంతా నీరు పట్టినట్టు బరువుగా ఉంది. ఊపిరి మధ్యమధ్య ఆగి వస్తోంది.

“ఆ ఇల్లు ఎన్ని అడుగులు?” అంది.

“నానేటి కొలిసినానేటి? ఒక్క గది. పొయ్యికో గట్టు. ఇద్దరం పడతాం.”

“కొలవాలి. కాయితం మీద ఒకటుంటాది, అక్కడ ఒకటుంటాది. తాడు పట్టుకుని గోడకీ గోడకీ మద్దిన కొలుసుకోవాలి. ఆదివారం ఎల్దాం.”

“ఎల్దాం,” అంది పైడమ్మ. ఆనందం ఆపుకోలేక, “నీ రాయి కూడా తెచ్చుకో. గోడలు తూసుకుందువు గాని,” అంది.

అందరూ నవ్వారు. పెద్దతల్లి కూడా నవ్విందో లేదో పైడమ్మ చూడలేదు. అటు పక్కామెకి యుగంధర్ నడకను అనుకరించి చూపిస్తోంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి పెద్దతల్లి గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. తల గోడకి ఆనించి ఉంది. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సగం పొట్టు తీసిన పప్పు, గుండు, విరగకుండా అలాగే ఉంది.

“అప్పా,” అంది పైడమ్మ. తర్వాత భుజం పట్టుకుని కదిపింది.

పక్క వీధి డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, రెప్పలు మూసి, పాదాలు నొక్కి చూసి, ఎన్నాళ్ళుగా వాస్తున్నాయని అడిగాడు. “నెల్లాళ్ళయిందండి,” అంది పైడమ్మ. బస్తాలు పరిచి ఆమెను పడుకోబెట్టారు. రిక్షా కోసం ఒకరు వెళ్ళారు. ఆడవాళ్ళు కొందరు ఏడుస్తున్నారు, కొందరు ఆమె చుట్టూ చేరి ఉత్తినే నిలబడ్డారు.

పైడమ్మ కాసేపు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. తర్వాత లేచి, పెద్దతల్లి మూడు పళ్ళేలనూ ఒకదాని తర్వాత ఒకటి కాటా దగ్గరికి మోసుకొచ్చింది.

“ఇప్పుడెందుకే ఇది? రేపు సూద్దాం,” అన్నాడు చిట్టిబాబు.

“ఇయ్యాల్టి పని ఇయ్యాలే తూసుకుంటాది అప్ప.”

అతను కాదనలేదు. గుండు పళ్ళేన్ని అందుకోబోయాడు. పైడమ్మ “ఆగు” అంది. బస్తాల దగ్గరికి వెళ్ళి, వంగి, పెద్దతల్లి కొంగు ముడి విప్పింది. ముడి గట్టిగా ఉంది. పళ్ళతో లాగాల్సి వచ్చింది. రాయిని తెచ్చి కాటా మీద పెట్టింది. చెయ్యి తీసేసి, ఒక అడుగు వెనక్కి వేసి, తన కొంగు నడుముకి దోపుకుంది.

తొమ్మిది వందల ఎనభై.

కాటాయే తక్కువ చూపిస్తోందో, ఏడేళ్ళలో రాయే అరిగిందో ఎవరూ అనలేదు. చిట్టిబాబు పుస్తకం తెరిచి ఒక చీటీ చింపాడు. ఎవరూ అడక్కుండానే అందులో ముందు ఇరవై గ్రాముల లెక్క రాసుకున్నాడు. అప్పుడే కరెంటు పోయింది. ఎర్ర అంకెలు ఆరిపోయాయి. చీకటి పడని ఆ సాయంత్రపు వెలుగులో, గంట్లు సగం అరిగిన పొత్రం ముక్క పళ్ళెంలో అలాగే ఉంది.